కీసరగుట్ట శాసనము – జార్జియను శాసనము

తెలుగు మాతృభాషగా గలవారు 2011 జనగణనలో 8 కోట్ల 11 లక్షలు. కాకసస్ పర్వతములకు దక్షిణముననున్న జార్జియా దేశపు భాషను పలుకువారు సుమారు 40 లక్షలే. అయినను రెండింటి తొలి వ్రాతలును ఇంచుమించు ఒకే కాలమువి.

షామీర్‌పేటకు చేరువనున్న కీసరగుట్టలో ఒక బండపై ‘తొలచువాండ్రు’ అను మాట కలదు. రాళ్ళు తొలిచెడివారని అర్థము. లిపినిబట్టి ఇది సుమారు 5వ శతాబ్దిదని పండితులందురు. ఆ శతాబ్దివే అయిన జార్జియను శాసనములు 1952-53 త్రవ్వకములలో బయల్పడినవి. జార్జియాలో కాదు, పాలస్తీనాలో, బెత్లెహేము చెంత! అవి అచ్చటి జార్జియను సన్యాసుల మఠములో, రంగురాళ్ళు పొదిగిన నేలపై నుండినవి.

కావున శాసనము దొరకినచోటనెల్ల జనులు ఆ భాషనే పలికిరనరాదు. బెత్లెహేములో వ్రాయించినవారు దూరదేశమునుండి వచ్చిన సన్యాసులు. కీసరలోనిదో, శ్లోకము కాదు, రాజు బిరుదము కాదు, పనివారి పేరు. అది స్థానికుల వాడుక మాటయే యని తోచుచున్నది. ‘తొలుచు’ నేటికిని మన నోట నున్నది.