పలనాటి చరిత్రాధారములు – వడపోత

పలనాటి చరిత్ర వ్రాయబూనినవానికి శాసనములు, గ్రామకైఫీయతులు, ద్విపదకావ్యము, వీరవిద్యావంతుల గానసంప్రదాయము అను నాలుగు తావులనుండి సామగ్రి లభించుచున్నది. దీనినంతయు ఆమూలాగ్రముగ చదువు ఓపిక నేటి పరిశోధకవిద్యార్థికి లేదని నిందింపజాలము. అతనికి గడువు కలదు. కనుక పాఠములను యంత్రమున కెక్కించి, గ్రెప్, సెడ్, ఆక్ అను ఆదేశసాధనములతో తనకు వలసిన పంక్తులను మాత్రము ఏరుకొనుచున్నాడు. పిమ్మట "ఈ పేరు పలనాటి శాసనములందు కానరాదు" అని నిర్ణయించుచున్నాడు. కానరాదనుటకును లేదనుటకును నడుమగల దూరమును ఈ వ్యాసమున విచారింతుము.

వడపోత మనకు క్రొత్తది కాదు. కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) కొలువున కావలి వెంకట బొఱ్ఱయ్యయు, 1803లో అతడు మరణించిన పిదప సోదరుడు లక్ష్మయ్యయు నడపిన సేకరణమున చేరిన కైఫీయతులు చాలవరకు కరణముల దండకవిలెలనుండియు, గ్రామవృద్ధుల నోటినుండియు ఏరి వ్రాసినవే. అడిగిన ప్రశ్నలకు తగిన సంగతులు, అనగా పాలకుల వరుస, దేవాలయముల మాన్యములు, అగ్రహారముల పుట్టుక, కాగితమున కెక్కినవి. అడుగనివి కవిలెలలోనే యుండిపోయినవి. తరువాత సి. పి. బ్రౌను జీర్ణించుచున్న ఆ వ్రాతలకు మదరాసున నకళ్ళు వ్రాయించెను. నకలు వ్రాసినవాని వర్ణక్రమము నకలులో చేరక మానదు. యంత్రము ముట్టకమునుపే ఈ పాఠము రెండుమార్లు వడకట్టబడినదన్నమాట.

గ్రెప్ పుట్టుకయు సాహిత్యపరిశోధకులకు పరాయిది కాదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో లీ మక్‌మాన్ అనునతడు 1787–88 నాటి ఫెడరలిస్టు వ్యాసములు ఎనుబదియైదింటిలో కర్తృత్వము వివాదగ్రస్తమైనవానిని పరిశీలింపదలచెను. అప్పటి 'ఎడ్' అను సాధనము అంత పాఠమును ఒక్కమారుగ స్మృతిలో నిలుపజాలకపోయెను. అందుపై కెన్ థామ్సన్ ఎడ్‌లోని వెదకు నేర్పును విడదీసి ప్రత్యేకసాధనముగా నిచ్చెనని బ్రయన్ కెర్నిహాన్ చెప్పియున్నాడు. అది 1973లో యూనిక్సు వ్యవస్థలో చేరినది. 1977లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్ అను మువ్వురు ఆక్‌ను రచించిరి. 1911లో అక్కిరాజు ఉమాకాంతము ప్రకటించిన పలనాటివీరచరిత్రము శ్రీనాథకృతమా కాదా యను వాదము నెఱిగిన మనకు మక్‌మాన్ పడిన చిక్కు సులభముగనే బోధపడును.

ఇక అసలు సంగతి. గ్రెప్ దృష్టిలో పంక్తియే అభిలేఖము. శాసనమన్ననో, అనేకపంక్తుల సముదాయము. దాత పేరొకచోట, ఊరొకచోట, శకవర్ష మింకొకచోట నుండును. ఊరిపేరు వెదకినచో ఊరున్న పంక్తి వచ్చును, కాలమున్న పంక్తి రాదు. ఖాళీపంక్తి వచ్చువఱకు నున్నదంతయు ఒక్క అభిలేఖమని ఆక్‌కు చెప్పవచ్చును. అప్పుడు శాసనము శాసనముగా వచ్చును. అయినను ఒక చిక్కు మిగులును. అచ్చుపడిన శాసనసంపుటములందు శిలపై పంక్తి యెచ్చట తెగినదో చూపుట పరిపాటి. శిలను చెక్కినవాడు పదము ముగియువఱకు ఆగడు. అంచు రాగానే తెంచును. ఒక పంక్తి తుద 'మాచె' యనియు, మఱుపంక్తి మొదట 'ర్ల' యనియు నున్నచో ఏ సాధనమునకును మాచెర్ల కానరాదు. కావున పాఠమునకు రెండు ప్రతులు వలయును: శిలాపంక్తులను నిలిపిన దొకటి, పంక్తులను కలిపివేసిన దొకటి. వెదకుట రెండవదానిలో, ఉదాహరించుట మొదటిదానినుండి.

వర్ణక్రమము ఇంతకంటె బాధించును. పలనాడు, పల్నాడు, పల్లెనాడు, మాచర్ల, మాచెర్ల, గురజాల, గురిజాల, కారెంపూడి, కారంపూడి – వ్రాతలో అన్నియు కలవు. బ్రహ్మనాయుడని వెదకినవానికి అరసున్నతో వ్రాసిన బ్రహ్మనాయుఁడు చిక్కడు. 1991లో తెలుగునకు యూనికోడునందు స్థానము లభించినది. అందు మన గుణింతపు గుర్తులు ప్రత్యేకసంకేతములు. కనుక 'గురిజాల'లో గుడి యొక్కటే ఉండవచ్చును, ఉండకపోవచ్చునని ఆదేశమిచ్చి రెండు రూపములను ఒక్కమారుగ పట్టవచ్చును. యంత్రమునకు భాషాపరిసరము సరిగా తెలుపనియెడల ఈ యుపాయము పనికిరాదు. ఏలయన ఒక్కొక్క తెలుగు సంకేతము మూడేసి బైట్లుగా నిలువయుండును. ఐచ్ఛికమన్న నియమము అప్పుడు గుడికి గాక దాని తుది బైటునకు మాత్రమే తగులును.

అకారమునకు గుర్తు లేకపోవుట మఱియొక విశేషము. 'దుర్గ' యని వెదకినచో అమ్మవారితోపాటు మాచెర్ల చేరువనున్న దుర్గి గ్రామమును వచ్చి కూర్చుండును. పదమంతయు సరిపోవలెనని నియమించినచో దుర్గి తొలగును గాని, 'గురజాలకు', 'గురజాలనుండి' వంటి రూపములును పోవును. విభక్తిప్రత్యయములను పదమునకు అంటించి వ్రాయు భాషకు ఆ నియమము చుట్టము కాదు.

కంటికి కనబడని భేద మింకొకటి కలదు. ఐత్వమును ఒక్క సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వమునకు క్రింది గుర్తు చేర్చి రెండు సంకేతములుగను వ్రాయవచ్చును. తెరపై రెండును ఒక్కతీరుననే యుండును. 'కైఫీయతు' అను మాట తొలియక్షరముననే ఈ ప్రమాదమున్నది. వెదకుటకు ముందు పాఠమునంతయు ఏకరూపమునకు తెచ్చుట తప్పనిసరి.

కాలనిర్ణయమున ఆక్ నిజముగ ఉపకరించును. శకవర్షమును ప్రత్యేకక్షేత్రముగ నుంచినచో 1050కిని 1150కిని నడుమనున్నవానిని ఏరుమని చెప్పవచ్చును. కారెంపూడి యుద్ధము జరిగినదని సాధారణముగా చెప్పు క్రీ. శ. 1182, అనగా శకము 1104, అందు చేరును. కాని పాఠమున ౧౧౦౪ అని తెలుగంకెలుండెనా, ఆక్ దానిని సున్నగా లెక్కించును. వేద-గగన-రుద్ర యని భూతసంఖ్యలతో చెప్పియుండెనా, అంకెయే లేదనుకొనును. వేదములు నాలుగు, గగనము సున్న, రుద్రులు పదునొకండ్రు. వామగతిని చదివిన 1104 వచ్చును. ఇది చదువరి చేయవలసిన పని. చేసి క్షేత్రమున నింపవలెను.

జిల్లాక్షేత్రమును గూర్చి హెచ్చరించుట అవసరము. 1904కు పూర్వపు కాగితములందు పలనాడు తాలూకా కృష్ణాజిల్లాలోనిది, ఆ పిదప గుంటూరుజిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగ పల్నాడుజిల్లా ఏర్పడినది. అందు పూర్వపు పలనాడు తాలూకాకు వెలుపలివగు నరసరావుపేట, వినుకొండ మున్నగు ప్రాంతములును కలవు. నేటి జిల్లాపేరుతో వడకట్టి, వచ్చినదంతయు నలగామరాజు ఏలిన నాడని భావించినచో రాజ్యము ఒక్క యాదేశముతో పెరిగిపోవును! గ్రామనామములతోనే ఏరుట మేలని మా యభిప్రాయము.

ఇట్లు ఏరిన పిమ్మట తిరస్కృతపంక్తులను చదువవలెను. సరిపడని పంక్తులనే చూపుమని గ్రెప్‌ను కోరవచ్చును; ఈ సౌకర్యమును వాడువారు తక్కువ. మా విద్యార్థులచే మేము చేయించు క్రమ మిది: పాఠమును ఏకరూపమొనర్చి, ఊరిపేరు రూపములన్నిటితోను ఏరి, మిగిలినదానిలో 'జాల', 'పూడి', 'చర్ల', 'చెర్ల' యను తునకలను మరల వెదకి, ఆపైని శేషమునుండి కొన్ని పుటలను చేతితో చదివింతుము. నాయకురాలు నాగమ్మ పేరు శాసనములందు కానరాదని ఎవరేని వ్రాసికొనివచ్చినచో, ఏ ప్రతిలో, ఏయే రూపములతో వెదకితివని అడిగి, ఆ యాదేశమును యథాతథముగా సిద్ధాంతవ్యాసపు అనుబంధమున చేర్పించుచున్నాము.