ఓడు అనే మాట

గెలుపు విషయంలో దక్షిణాది భాషలన్నీ ఒకే ఇంటివి. తమిళంలో ‘వెల్’, కన్నడంలో ‘గెల్’, మనకు ‘గెలుచు’. వకారం గకారమైందన్న తేడా తప్ప మాట ఒక్కటే. ఓటమి దగ్గరకు వచ్చేసరికి మాత్రం తెలుగు పక్కకు తప్పుకుంది. తమిళ మలయాళాల ‘తోల్వి’కీ కన్నడుల ‘సోలు’కూ మూలం ఒకటే. మనం ఆ దారిన పోకుండా ‘ఓడు’ అన్నాం. ఆ మాట తమిళానికీ కన్నడానికీ తెలియనిదేమీ కాదు. ఆ రెండు భాషల్లోనూ ఓడు అంటే పరుగెత్తడం.

పుస్తకంలో చదివేవారికి ఇదొక వ్యుత్పత్తి విశేషం. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్‌ల మధ్య నల్లరేగడి పల్లెల్లో తెలుగు ఇంట పుట్టినవారికి ఇది రోజూ చెవిన పడే సంగతి. తమిళులు ఆ నేలను కరిసల్ అంటారు. అక్కడ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడి, బజారు, బస్సు అన్నీ తమిళమే. వీధిలో బస్సు ఓడుతుంది, అగ్గిపెట్టెల కార్ఖానాలో యంత్రం ఓడుతుంది, సినిమా ‘నల్లా ఓడుదు’ అంటే హాలు నిండుతోందని అర్థం. ఇంటికొచ్చి మ్యాచ్ సంగతి అమ్మకు చెప్పేటప్పుడు అదే అక్షరాలతో ‘ఓడిపోతిమి’ అంటాం. పక్కింటి తమిళ స్నేహితుడి చెవికి అది ‘పారిపోయాం’ అని వినిపిస్తుంది. తను మాత్రం ‘తోత్తుట్టోం’ అంటాడు. అదే ఓటమి, మాట వేరు.

నాకు ఆట అంటే హాకీ, హాకీ అంటే కోవిల్‌పట్టి. ఈ చిన్న ఊరికి దేశమంతా పేరు రావడానికి కారణాలు రెండు: ఒకటి వేరుశనగ మిఠాయి, రెండోది హాకీ. కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. హాకీకి అలాంటి ముద్ర అక్కర్లేదు. లక్ష్మీ అమ్మాళ్ స్మారక అఖిల భారత టోర్నమెంట్ జరిగే రోజుల్లో ఊరు నడిచే తీరు చూస్తే చాలు. పొద్దున్నే మైదానం పక్కగా వెళితే పిల్లల్ని పరుగెత్తిస్తున్న కోచ్ గొంతు వినిపిస్తుంది: ‘ఓడు! ఓడు!’ తెలుగు పిల్లవాడు కూడా ఆ కేకకు కాళ్లు సాచి పరుగెడతాడు. ఆ చెవికి రెండు అర్థాలూ తెలుసు, ఏది ఎక్కడ పనికొస్తుందో కూడా తెలుసు.

రెండు అర్థాల మధ్య దారి ఎలా పడిందో ప్రాచీన కవిత్వం చూపిస్తుంది. సంగ కాలపు తమిళంలో ‘ఓడా’ అనేది వీరుడికి విశేషణం. ఓడని వాడు, అంటే వెన్ను చూపనివాడు. యుద్ధంలో పరుగంటే వెనక్కు తిరగడమే, వెనక్కు తిరగడమంటే ఓటమే. మన పాత కవుల దగ్గర ఓడు అంటే జంకడం, వెనుదీయడం కూడా. పాపానికి ఓడడమంటే పాపానికి వెరవడం, ‘ఓడక’ అంటే జంకు లేకుండా. పరుగు నుంచి వెనుదిరగడం, అందులోంచి జంకు, జంకులోంచి పరాజయం: దారి ఇలా సాగింది. తెలుగు పరుగు అర్థాన్ని పోగొట్టుకుని, దాని చివర ఉన్న ఫలితాన్ని నిలబెట్టుకుంది. మనిషి పరుగుకు మరో మాటను పిలుచుకుంది.

పరుగు పూర్తిగా పోయిందా అంటే, లేదు. ద్రవాల్లో మిగిలింది. గాయం ‘నెత్తురోడుతుంది’. కష్టపడేవాడు ‘చెమటోడుస్తాడు’. ఓడు అంటే కారడం, ప్రవహించడం. ఓడ్చు అంటే కారేలా చేయడం. ఇంత స్పష్టంగా మన నాలుక మీదే ఉన్నా, ‘చెమటోడ్చి గెలిచారు’ అని రాసేటప్పుడు ఆ గెలుపు మధ్యలో ఓడు ఉందని ఎవరికీ తట్టదు. ఇదే జత ‘పారు’లోనూ కనిపిస్తుంది. నీరు పారుతుంది, దొంగ పారిపోతాడు. నెత్తురు ఓడుతుంది, జట్టు ఓడిపోతుంది. చోటు విడిచి జారిపోవడాన్ని తెలుగు ఒకే కంటితో చూసింది, అది నీళ్లయినా మనిషైనా. ఇక ఓటికుండ ఉంది. నాడు ‘నాటి’ అయినట్టు ఓడు ‘ఓటి’ అయింది. పెంకు, పగిలిన కుండ అనే అర్థమున్న ఈ ఓడును పండితులు వేరే పదంగా లెక్కిస్తారు, అది సరైనదే. అయినా తెలుగు చెవిలో ఆ రెండూ ఎప్పుడో పక్కపక్కన చేరాయి. ఓటికుండ కారుతుంది, ఓడిన జట్టూ కారుతుంది.

కారిందెక్కడ? ఓటమి తర్వాత అభిమాని అడగవలసిన ప్రశ్న ఇదేనని నా నమ్మకం. 2022 మే నెలలో జకార్తాలో జరిగిన ఆసియా కప్ హాకీని ఆ కంటితోనే చూశాను. ఆ జట్టులో కోవిల్‌పట్టి కుర్రాడు మారీశ్వరన్ ఉన్నాడు. అరియలూరు వైపు నుంచి వచ్చి కోవిల్‌పట్టిలోనే తయారైన కార్తీ ఉన్నాడు. సీనియర్లలో చాలామంది లేని జట్టది. బీరేంద్ర లాక్రా నాయకుడు, సర్దార్ సింగ్ కోచ్. మొదటి మ్యాచ్ పాకిస్తాన్‌తో. మొదటి క్వార్టర్లోనే కార్తీ గోల్ కొట్టాడు, దేశం తరఫున ఆడిన తొలి మ్యాచ్‌లోనే. మా వైపు ఆ సాయంత్రం పండగే. కాని ఆ ఒక్క గోల్ ఆధిక్యాన్ని చివరిదాకా మోసి, ఆఖరి క్షణాల్లో వదిలేశాం. 1-1.

మర్నాడు జపాన్‌తో ఆడి 2-5తో ఓడాం. స్కోరు చూసినవాళ్లు చిత్తుగా ఓడారన్నారు. మ్యాచ్ చూసినవాళ్లకు మరోటి కనిపించింది. చివరి క్వార్టర్లో ఒక దశలో తేడా ఒక్క గోలే, 2-3. సమం చేయాలన్న ఆత్రంతో మనవాళ్లు ముందుకు కదిలారు, వెనక ఖాళీ పెరిగింది, ఆ ఖాళీలోంచి జపాన్ వరసగా రెండు కొట్టింది. ఇక్కడ ఎవరూ జంకలేదు, పాత కవుల అర్థంలో ఎవరూ ఓడలేదు. బంతి పోయిన క్షణంలో వెనక్కు పరుగెత్తాల్సినవాళ్లు దూరంగా ఉన్నారంతే. తమిళ అర్థంలో ఓడలేక తెలుగు అర్థంలో ఓడాం. ఫార్వర్డ్‌ల తప్పు ముందుకు వెళ్లడం కాదు, వెళ్లిన దూరం. వెనకవాళ్లకూ వాళ్లకూ మధ్య గొలుసు తెగేంత దూరం వెళ్లారు. అప్పట్లో నిందంతా డిఫెన్స్ మీద పడింది. నాకది అన్యాయమనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

తర్వాత ఇండోనేసియా మీద 16-0తో గెలిచి ముందుకెళ్లాం. సూపర్ ఫోర్‌లో మళ్లీ అదే జపాన్. ఈసారి 2-1. రెండో గోల్ మూడో క్వార్టర్లోనే పడింది. అక్కడి నుంచి చివరి నిమిషం దాకా ఆ ఒక్క గోల్ తేడాను కాపాడుకున్నారు. పాకిస్తాన్ మీద కాపాడుకోలేకపోయింది సరిగ్గా దీన్నే. మలేసియాతో 3-3, కొరియాతో 4-4, అక్కడ మళ్లీ కారింది. కొరియాతో ఆ డ్రా వల్ల ఫైనల్ చేజారింది. కాంస్యం కోసం మూడోసారి జపాన్ ఎదురైంది. మొదటి క్వార్టర్లో రాజ్‌కుమార్ పాల్ ఒక గోల్ కొట్టాడు, మిగిలిన మ్యాచంతా దాన్ని పట్టుకుని నిలబడ్డారు. 1-0. ఒకే ప్రత్యర్థికి ఐదు గోల్స్ ఇచ్చిన జట్టు, తర్వాత ఒకటి, ఆపైన సున్నా ఇచ్చింది. పది రోజుల్లోపే ఇదంతా జరిగింది. ఈ మూడు అంకెలను వరసగా పెట్టి చూడకుండా ఆ టోర్నమెంటును ఎవరైనా వైఫల్యం అంటే నేను ఒప్పుకోను.

అదే జకార్తాలో అరవై ఏళ్ల ముందు ఇంకో భారత జట్టు ఇదే పని చేసింది. ఆ ఆట ఫుట్‌బాల్, కోచ్ హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఓటమిని చదవడంలో ఆయనను మించినవారు మన ఆటల్లో లేరని నా అభిప్రాయం. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడిన జట్టు ఆయనదే. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో ఉత్త కాళ్లతో ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆయన జట్టు ఒలింపిక్ సెమీఫైనల్ చేరింది. మళ్లీ యుగోస్లావియాతోనే ఓడింది, ఈసారి 1-4తో.

1962 ఆసియా క్రీడల్లో తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. థాయిలాండ్‌తో ఆడిన మ్యాచ్‌లో ఫుల్‌బ్యాక్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. డిఫెన్స్‌కు వెన్నెముక అతనే. ఇంకెవరైనా అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీం అతన్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు, మ్యాచ్ 3-2తో మనదైంది. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా, చుట్టూ మనకు వ్యతిరేకంగా అరుస్తున్న జనం. హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ గోల్‌కీపర్. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు, 2-1. నెత్తురోడిన తలే స్వర్ణాన్ని తెచ్చింది. మరుసటి ఏడు జూన్‌లో రహీం క్యాన్సర్‌తో చనిపోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత స్వర్ణం రాలేదు.

పరుగుకూ ఓటమికీ ఉన్న ఈ చుట్టరికంలో మా నల్లరేగడి తెలుగువాళ్లకు ఇంకో వాటా ఉంది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్, 1976లో ‘గోపల్ల గ్రామం’ నవల వెలువరించారు. ఒక ఆడపిల్లను పాలకుడి బారి నుంచి కాపాడుకోవడానికి తెలుగు కుటుంబాలు రాత్రికి రాత్రి దక్షిణానికి తరలిపోయిన కథ అది. దాని కొనసాగింపు ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మా వైపు పెద్దవాళ్లను తమిళులు ‘ఓడి వందవంగ’ అంటారు, పరుగెత్తి వచ్చినవాళ్లని. ఆ మాటనే తెలుగు చెవితో వింటే ‘ఓడి వచ్చినవాళ్లు’. రెండూ నిజమే. వాళ్లు పరుగెత్తారు, ఉన్నదంతా పోగొట్టుకున్నారు, ముళ్లకంపలు కొట్టి నల్లనేల దున్ని పత్తి పండించారు. వాళ్ల పరుగులో పిరికితనం ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే వింటాను. ఏది విడవాలో ఏది విడవకూడదో తెలిసినవాళ్ల పరుగది.

అందుకే మన పత్రికల ఆటల పేజీ చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఓడిన జట్టు మట్టికరుస్తుంది, చతికిలబడుతుంది, చేతులెత్తేస్తుంది, చిత్తవుతుంది. వీటిలో కొన్ని కుస్తీ గోదాలోంచి వచ్చినవి. అక్కడ వీపు నేలకు తగిలితే ఆట ముగిసినట్టే, కాబట్టి అక్కడ అవి సరైన మాటలు. అరవై నిమిషాల హాకీకీ తొంభై నిమిషాల ఫుట్‌బాల్‌కూ అవి సరిపోవు. 2-3 దాకా లాక్కొచ్చి సమం కోసం ఎగబడిన జట్టు చేతులెత్తేసిందని రాస్తే అది అబద్ధం. ఆ అబద్ధం చదివి పెరిగే పిల్లవాడికి ఓటమి అంటే అవమానమనే తెలుస్తుంది, ఏ నిమిషంలో ఏ ఖాళీ వల్ల వచ్చిందో తెలియదు. కోవిల్‌పట్టి మైదానంలో కర్ర పట్టుకున్న పిల్లలకు కావలసింది ఆ రెండో సంగతి.

ఆటల గురించి తెలుగులో రాసేవారికి నా విన్నపం ఒక్కటే. ‘ఓడింది’ అని రాయండి, అది చాలు, ఆ మాటకు తోడు ఎవరూ అక్కర్లేదు. ఆ పక్క వాక్యంలో ఏ క్వార్టర్లో కారిందో, ఏ వైపు నుంచి కారిందో, వెనక్కు పరుగెత్తాల్సిన ఆటగాడు అప్పుడెక్కడున్నాడో రాయండి.