నంది నాటకోత్సవాలు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1998లో మొదలుపెట్టిన రంగస్థల పోటీలు. అంతకుముందే, 1983లో, నాటక అకాడమీ సహా రాష్ట్ర అకాడమీలు రద్దయ్యాయి. వాటి బాధ్యతలు 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయానికి చేరాయి. అకాడమీ పోయినంత మాత్రాన ఊళ్లలో నాటకం ఆగలేదు. ఏలూరులో వై.ఎం.హెచ్.ఎ. హాలు వంటి వేదికలు, నాటక పరిషత్తులు, చందాలిచ్చే పెద్దలు దాన్ని బతికించారు. నంది పోటీలకు అండ అక్కడే దొరికింది.

పద్యనాటకం, సాంఘిక నాటకం, నాటిక, బాలల నాటిక వంటి విభాగాల్లో బంగారు, వెండి, కాంస్య నందులు ఇస్తారు. గోదావరి జిల్లాల ప్రేక్షకుడు మాత్రం బహుమతి ప్రకటించేదాకా ఆగడు. హార్మోనియం శ్రుతి మీద రాగం నిలిచిందా, 'వన్స్‌మోర్' అని అరుస్తాడు. నటుడు పద్యం మళ్లీ ఎత్తుకోవాల్సిందే. ప్రజాదరణకు ఏ నివేదికా చూపలేని రుజువది. రాష్ట్ర విభజన తర్వాతా పోటీలు సాగాయి. 2022 సంవత్సరపు నందుల పోటీలు 2023 డిసెంబరులో గుంటూరులో జరిగాయి.