కోట కింది గరిటె

ఉదయగిరి చరిత్ర అంటే కోట చరిత్రే చెబుతారు. గజపతుల దుర్గాన్ని 1514లో కృష్ణదేవరాయలు గెలిచాడంటారు. తర్వాత గోలకొండ, ఆపైన ఆర్కాటు నవాబు అంటారు. 1839లో జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్ మీద కుంఫిణీ కుట్ర నేరం మోపిందనీ, ఆయన్ని చెంగల్పట్టుకు పంపేశారనీ రాస్తారు. అక్కడితో పుట ముగుస్తుంది. జాగీరు పోయాక కోట కింద మేం ఏం తిని బతికామో ఎవరికీ పట్టలేదు. ముస్లిం అంటే నవాబు అన్న మాట మాత్రం మా నెత్తిన మిగిలింది. మేం నవాబులం కాదు, గరిటెలు చెక్కుకు బతికినవాళ్లం.

దుర్గం కొండల నర్ది, బిక్కి చెక్కను బాడిసెతో చెక్కి, ఆకురాయితో రాకి, నగిషీ పెడితే గరిటె, చెంచా, ఫోర్కు తయారవుతాయి. ఈ పనిలో మగవాళ్లతో పాటు మా అమ్మలూ అక్కచెల్లెళ్లూ ఉన్నారు. చేసిన వస్తువును చేతిలో తిప్పి చూసుకున్నప్పుడు కలిగే తృప్తి ఏ ఆఫీసు ఉద్యోగికీ తీసిపోదు.

తృప్తి పనిలో ఉంది, పని జరిగే తీరులో లేదు. మా కార్ఖానా మా వసారానే. చెక్కపొట్టు రాలేదీ అక్కడే, బిడ్డ పడుకునేదీ అక్కడే. పొయ్యి దగ్గర నుంచి లేచి ఆకురాయి పట్టిన ఆడమనిషి పని ఇంటిపనిలో కలిసిపోతుంది. ఆమెకు హాజరుపట్టీ లేదు, సెలవు లేదు, పింఛను లేదు. చెక్క కావాలంటే అడవి చట్టం అడ్డం. సరుకు అమ్మాలంటే ధర చెప్పేది కొనేవాడే.

ఇది ఉదయగిరి ఒక్కదాని గోడు కాదు. జలదంకి నుంచి ఆత్మకూరు దాకా ఈ మెట్టలో ఇంట్లోనే కుట్టుమిషను తొక్కి బతికే ఆడవాళ్లదీ ఇదే కథ. పనిచేసే ముస్లిం స్త్రీలలో నూటికి 70 మంది ఇంటి గడపలోపలే పనిచేస్తున్నారనీ, మొత్తం స్త్రీలలో అది 51 మాత్రమేననీ సచార్ కమిటీ 2006లో తేల్చింది. గడప లోపలి పనిని పనిగా లెక్కించని దేశంలో ఆ అంకెకు అర్థం తెలిసిందే.

1999 నాటి చట్టం కింద ఉదయగిరి చెక్క సామానుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. కానీ గుర్తింపు గరిటెకు వచ్చింది, చెక్కిన చేతికి రాలేదు. పిల్లలు ఈ పని వద్దంటే వాళ్లకు కళ మీద ప్రేమ లేదని నిందిస్తారు. వాళ్లు కాదన్నది కళను కాదు, ఆ వసారాను. గాలీ వెలుతురూ ఉన్న పనిచోటు, చట్టబద్ధంగా చెక్క, కార్మికులమన్న కార్డు ఇవ్వండి. అప్పుడు అడగండి, ఈ పనిలో ఉంటారా పోతారా అని.