బేలు కట్టినవాళ్ల తారీఖ్

ఆదోని పత్తి మార్కెట్‌లో మా నానా లెక్కలు రాసేవారు. సీజన్‌లో ఒక్కోసారి నన్నూ వెంట తీసుకెళ్లేవారు. కృష్ణగిరి, ఎమ్మిగనూరు వైపుల నుంచి వచ్చిన పత్తి కుప్పలు కుప్పలుగా ఉండేది. అదే పత్తి జిన్నింగ్ మిల్లుకు పోయి, గింజ విడిపోయి, ప్రెస్సులో బిగుసుకుని, మార్కా పడిన బేలుగా బయటికొచ్చేది. "బేటా, పొలంలో పండితే సరిపోదు. బేలు కడితేనే బొంబాయి చేరుతుంది" అనేవారు నానా.

ఆ మాట నాకు కంప్యూటర్ల పనిలో పడ్డాక అర్థమైంది. మన పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో "క్లౌడ్‌లో నౌకరీ" అంటున్నారు కదా. ఆ క్లౌడ్‌కు బేళ్లు కట్టిన గుమ్‌నామ్ మనుషుల తారీఖ్ ఇది.

క్లౌడ్ అంటే ఆకాశంలో ఏమీ ఉండదు. పెద్ద పెద్ద హాళ్లలో వేలకొద్దీ కంప్యూటర్లు పెట్టి, వాటిని ముక్కలుగా కిరాయికివ్వడం. 2006లో అమెజాన్ ఈసీ2 పేరుతో ఈ కిరాయి మొదలుపెట్టింది. నడిపించే సాఫ్ట్‌వేర్‌ను మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. అలాంటిది అందరి చేతికీ ఇవ్వాలని 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరా పరిశోధకులు యూకలిప్టస్ తెచ్చారు. 2010 జూలైలో నాసా, రాక్‌స్పేస్ కలిసి ఓపెన్‌స్టాక్ ప్రకటించాయి. కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఇజాజత్ అడగక్కర్లేదు.

కానీ హక్ కాగితం మీద ఉండటం వేరు, చేతికి అందడం వేరు. ఓపెన్‌స్టాక్ ఒక్క ప్రోగ్రాం కాదు. కంప్యూటర్లను నడిపేది నోవా, ఫైళ్లు దాచేది స్విఫ్ట్, డిస్కు ఇమేజ్‌లు అందించేది గ్లాన్స్. వీటికి పదుల కొద్దీ పైథాన్ లైబ్రరీలు కావాలి. ఒకటి కొత్తదై ఇంకోటి పాతదైతే మొత్తం మొరాయిస్తుంది. మొదటిసారి నేను కోడ్ దించుకుని నా చేతులతో ఎక్కించబోయి మూడు రాత్రులు పాడు చేసుకున్నాను. నాలుగో రోజు దోస్త్ ఒకడు ఉబుంటు ప్యాకేజీలు చూపించాడు. కొన్ని కమాండ్లతో మగ్రిబ్ లోపల పని అయిపోయింది. అంతటి మెహనత్ నా బదులు ఎవరో ముందే చేసి పెట్టారన్నమాట.

ఆ పని ఏమిటో చెప్తాను. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్‌లో ఒక ప్యాకేజీ చేరాలంటే కాయిదా గట్టిగా ఉంటుంది. ప్రతి ఫైలు ఏ లైసెన్సు కింద ఉందో చూసి రాయాలి. దానికి కావలసిన ప్రతి లైబ్రరీ విడిగా ప్యాకేజీ అయి ఉండాలి. లైబ్రరీలో లోపం దొరికితే ఒక్కచోట సరిచేస్తే దాన్ని వాడే అన్నింటికీ మేలు జరగాలి కదా, అందుకు. ప్యాకేజీ మీద డిజిటల్ దస్తఖత్ పడాలి. ఆ దస్తఖత్‌కు భరోసా ఎలా? డెవలపర్లు ఎదురెదురుగా కలుసుకుని, గుర్తింపు పత్రాలు చూసుకుని, ఒకరి తాళంచెవిని ఇంకొకరు తస్దీఖ్ చేస్తారు. ఉస్తాద్ నుంచి షాగిర్ద్‌కు అందే సనద్ లాంటి సిల్‌సిలా అది.

ఇక తారీఖుల్లోకి వద్దాం. 2009 ఏప్రిల్‌లో ఉబుంటు 9.04తో యూకలిప్టస్ ప్యాకేజీలుగా వచ్చింది. 2011లో ఉబుంటు దాన్ని పక్కనపెట్టి ఓపెన్‌స్టాక్ వైపు మళ్లింది. అదే ఏడాది నవంబర్‌లో ఫెడోరా 16లో ఓపెన్‌స్టాక్ చేరింది. 2013 మే 4న విడుదలైన డెబియన్ 7లోనూ ఉంది. ఆ ఏడాదే అణువుల లోపలి రహస్యాలు వెతికే యూరప్ ప్రయోగశాల సెర్న్ తన క్లౌడ్‌ను ఓపెన్‌స్టాక్ మీద నడపడం మొదలుపెట్టింది. యార్డులో ఎవరి బేలు సిద్ధంగా ఉంటే ఖరీద్‌దార్లు అటే పోతారన్నది ఆదోనిలో చిన్న పిల్లవాడికీ తెలుసు. ఇక్కడా అంతే జరిగిందని నా నమ్మకం.

ఇంత పెద్ద బరువు ఎన్ని భుజాల మీద ఉంది? డెబియన్‌లో ఓపెన్‌స్టాక్ ప్యాకేజీల్లో ఎక్కువ భాగం థామస్ గోయిరాండ్ అనే ఒక్క మనిషి చూసేవారు. 2017 ఫిబ్రవరిలో ఆ పనికి ఆయనకు జీతం ఆగిపోయింది. ఈ ప్యాకేజీల సంగతి ఇక ఏమిటని ఆయనే బహిరంగంగా అడగాల్సి వచ్చింది. తర్వాత ఇంకో సంస్థ ఆయన్ను అదే పనికి పెట్టుకుంది కాబట్టి ఖిద్మత్ ఆగలేదు. పెద్ద పెద్ద కంపెనీల పేర్లు కనిపించే చోట, కింద నిలబడ్డ మనిషి ఒక్కడు.

తెలుగువాళ్లకూ ఇందులో వాటా ఉంది. నాకు ఉబుంటు మొదటి సీడీ పోస్టులో ఉచితంగా వచ్చింది. షిప్‌ఇట్ అనే ఆ పథకం 2011 దాకా నడిచింది. అబ్బా ఆ కవరును అటూ ఇటూ తిప్పి చూసి "నిజంగా ముఫ్త్‌గానే పంపారా?" అని రెండుసార్లు అడిగారు. ఎక్కించి చూస్తే తెలుగు అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపించాయి. పోతన, వేమన అనే ఫాంట్లను ఎవరో ప్యాకేజీ చేసి పెట్టి ఉన్నారు. ఎక్కించగానే డబ్బాలు పోయి అక్షరాలొచ్చాయి. అబ్బా తన పేరు తెలుగులో టైపు చేయించుకుని చూశారు. ఆ ప్యాకేజీ కట్టింది ఎవరో ఆ రోజు నేను అడగలేదు. ఇప్పుడు ఏది ఎక్కించినా ముందు ఛేంజ్‌లాగ్ తెరిచి పేర్లు చదువుతాను.

మీ ఇంట్లో బీటెక్ చదివే బచ్చాలుంటే వాళ్లకు ఈ సంగతి చెప్పండి. డెబియన్ డిగ్రీ అడగదు, ఊరు అడగదు. యజమాని లేక అనాథలా మిగిలిన ప్యాకేజీల జాబితా అక్కడ ఎప్పుడూ ఉంటుంది. అందులోంచి చిన్నదొకటి తీసుకుని, ఒక్క లోపం సరిచేసి పంపమనండి. తప్పులుంటే అనుభవమున్నవాళ్లు దిద్దుతారు. పని బాగుంటే ఆదోని పిల్లవాడి పేరు ఆ ఛేంజ్‌లాగ్‌లో చేరుతుంది.