తెలుగువారి దుంప: కంద, చేమల కథ

 

ఈ పూట ఒక పెద్ద కుటుంబాన్ని గూర్చి చెప్పుకుందాం. పెరటి కంద, కాలువ గట్టు చేమ, చెరువులో తేలే అంతరతామర, పట్నంలో సీసాలో పెంచే మనీ ప్లాంటు - ఇవన్నీ ఒక్క ఇంటివే అంటే నమ్ముతారా? పువ్వును చూస్తే గుట్టు తెలుస్తుంది. నడుమ ఒక కండె, దానిని చుట్టి పడగ వంటి ఆకు. ఎంత చిన్న పువ్వైనా పోలిక అదే. వసను కూడ పూర్వం ఈ కుటుంబంలోనే లెక్కించేవారు. తరువాత వేరు చేశారు.

శంషాబాద్ ప్రాంతం వారికి చేమ అంటే చామగడ్డ. అక్కడ 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైంది. భూమి ధర పెరిగింది, సాగు నేల తగ్గింది. మిగిలిన అరెకరం, ఎకరంలో ఏమి వేద్దామని ఆలోచించే వారికి ఈ చరిత్ర పనికివస్తుంది.

విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండు వైద్యుడు కుంపెనీ కొలువులో 1781లో సామర్లకోటకు వచ్చాడు. మన చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించాడు. 1791-92 నాటి కరువును ఉత్తర సర్కారులలో కళ్ళారా చూశాడు. వాన తప్పినా కూడు పెట్టే కొబ్బరి, పనస, అరటి వంటివి నాటించాలని పాలకులకు చెప్పాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్ళిపోయాడు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన వ్రాసిన గ్రంథం మూడవ సంపుటంలో మన కంద బొమ్మ వున్నది. పువ్వు గంటలా వుంటుంది గనుక ఆ అర్థం వచ్చే లాటిను పేరు పెట్టాడు. ఆ పేరు చాలాకాలం నడిచి, 1977లో మారింది. ఇంగ్లీషువారు మాత్రం కందను ‘తెలింగా పొటేటో’ అని కూడ పిలిచారు. చూశారా, తెలుగువారి పేరే దుంపకు పెట్టారు!

మరి దురద మాటేమిటి? దుంపలో కాల్షియం ఆగ్జలేటు సూదుల్లాంటి స్ఫటికాలుగా వుంటుంది. అవి గుచ్చుకుంటే నాలుక, గొంతు దురదపెడతాయి. మన ఆడవాళ్ళు బాగా ఉడికించి, చింతపండు పులుసు పోసి వండడం ఊరికే కాదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత చెబుతాము గాని, తినేవారికి మాత్రం ఆ దురద తగ్గవలసిందే!

ఆ పని గోదావరి ఒడ్డున కొవ్వూరులో జరిగింది. శంషాబాద్ పక్కనున్న రాజేంద్రనగర్ కేంద్రంగా 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం క్రింద అప్పుడు కొవ్వూరు పరిశోధన స్థానం వుండేది. అక్కడ స్థానిక కందలోనుంచి ఏరి తీసిన రకమే ‘గజేంద్ర’. 1991లో విడుదలైంది. దురద తక్కువ, పిల్లదుంపలు వేయదు, హెక్టారుకు 40 టన్నులకు పైగా దిగుబడి. అంటే ఎకరానికి సుమారు 16 టన్నులు.

ఐతే ఒక లెక్క చూడండి. 90 సెంటీమీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి సుమారు 5,000 గుంటలు. గుంటకు అరకిలో ముక్క చొప్పున రెండున్నర టన్నుల విత్తనం కావాలి. ఖర్చంతా మొదటనే నేలలో పెట్టాలి. తెగులు సోకిన విత్తనం కొంటే ఆ ఏటి సంసారం తలక్రిందులవుతుంది. కాబట్టి వానాకాలంలోనే తోటకు వెళ్ళి, ఆకులపై మొజాయిక్ మచ్చలు లేని మొక్కలను గుర్తుపెట్టుకోండి. విత్తనం వాటి నుంచే తీసుకోవాలి. ప్రతి ముక్కకు నడిమొలకలో కొంత భాగం వుండాలి. పేడనీళ్ళలో ముంచి, నీడన ఆరబెట్టి నాటండి. నీరు నిలిస్తే మొదలు కుళ్ళుతుంది.

చేమ చెప్పే పాఠం మరొకటి. 1993లో సమోవా దీవులకు ఆకుమాడు తెగులు వచ్చింది. అక్కడివారు ఎక్కువగా ఒకే రకం చేమ వేసేవారు. దుంపతో పెంచే పంట గనుక మొక్కలన్నీ ఒక్క అచ్చు. ఆ ప్రధానాహారం కొద్ది కాలంలోనే దెబ్బతిన్నది. తరువాత తెగులును తట్టుకునే రకాలను బయటినుంచి తెచ్చుకుని, సంకరపరచి నిలదొక్కుకున్నారు.

మనకూ అదే బుద్ధి. గజేంద్ర వేయండి, లాభం పొందండి. కాని పెరట్లో తాతలనాటి కంద, చామగడ్డ నాలుగు మొక్కలైనా వుంచండి. విస్తరణ కార్యకర్తలు ఊరికి వెళ్ళినప్పుడు అవి ఎవరి పెరట్లో వున్నవో వ్రాసుకోవాలి. రేపు తెగులు వస్తే తట్టుకునే గుణం ఆ నాలుగింటిలోనే దొరకవచ్చు.

సెలవు.