ఫుట్‌పాతా, రోడ్డా? సైకిలు చుట్టూ రెండొందల ఏళ్ళ తగువు

సైకిలు మీద ఆఫీసుకొచ్చేవాళ్ళు టీముకి ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ళు హెల్మెట్టు తీసి సీట్లో కూర్చోగానే మిగతావాళ్ళు అడిగే మొదటి ప్రశ్న: "అంత ట్రాఫిక్కులో భయం వెయ్యదా? హాయిగా ఫుట్‌పాత్ మీద వచ్చెయ్యొచ్చుగా?" ఆ అడిగిన పెద్దమనిషే సాయంత్రం పిల్లాడి చెయ్యి పట్టుకుని నడుస్తున్నప్పుడు వెనక నుంచి సైకిలు బెల్లు మోగిందనుకోండి, "వీళ్ళకి రోడ్డు లేదా?" అని విసుక్కుంటాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

ఈ తగువు కొత్తదేం కాదు. పెడళ్ళున్న సైకిలు కంటే కూడా పాతది. 1817లో జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ అనే ఆయన చెక్కతో రెండు చక్రాల బండి ఒకటి చేశాడు. దానికి పెడళ్ళు లేవు, చెయిన్ లేదు. మీద కూర్చుని, కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోవడమే. అప్పటి రోడ్ల నిండా గుర్రబ్బళ్ళ చక్రాలు చేసిన గాడులే. ఆ గాడుల్లో రెండు చక్రాల మీద నిలదొక్కుకోవడం కష్టం. దాంతో నడిచేవాళ్ళ కోసం చదునుగా వేసిన దారి ఎక్కేసేవాళ్ళు. నడిచేవాళ్ళు ఊరుకుంటారా? 1819లో న్యూయార్క్ నగర పాలకులు ఈ బళ్ళు ఫుట్‌పాత్‌లు ఎక్కకూడదని నిషేధం పెట్టారు. అంటే సైకిలు ముత్తాత పుట్టిన రెండేళ్ళకే మన లంచ్ టేబుల్ తగువు చట్టం దాకా వెళ్ళిందన్నమాట.

ఇంగ్లండ్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. ఫుట్‌పాత్ మీద బళ్ళూ పశువులూ తోలకూడదని అక్కడ 1835లో హైవే చట్టం చేశారు. అప్పటికి పెడళ్ళ సైకిళ్ళు వాడుకలోకి రానేలేదు. తర్వాత 1879లో ఒక కేసులో సైకిలు కూడా 'బండే' అని కోర్టు తేల్చింది. 1888 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ఆ ముక్కని రాతపూర్వకంగా ఖాయం చేసింది. దాంతో సైకిలువాడికి రెండు విషయాలు ఒక్కసారే దక్కాయి. ఒకటి, రోడ్డు మీద పోయే హక్కు. రెండు, ఫుట్‌పాత్ ఎక్కకూడదన్న నిషేధం. ఆ 1835 సెక్షను ఇంగ్లండ్‌లో ఇప్పటికీ బతికే ఉంది.

అప్పటికది న్యాయమైన తీర్పే. 1888లో రోడ్డు మీద సైకిలుకి ఎదురయ్యేవి గుర్రబ్బళ్ళే. చిక్కల్లా తర్వాత వచ్చింది. కార్లొచ్చాయి, వేగం పెరిగింది, రోడ్డు మారిపోయింది. పుస్తకంలో తీర్పు మాత్రం మారలేదు.

ఇక్కణ్ణుంచి కథ మనవాళ్ళకి బాగా తెలిసిన ఊరికి వస్తుంది. పాలో ఆల్టో. ఆ పేరు వినగానే మనకి స్టాన్‌ఫర్డూ, హ్యూలెట్ పాకర్డ్ మొదలైన గరాజీ గుర్తొస్తాయి. బే ఏరియాలో పనిచేసే మనవాళ్ళు ఆ వీధుల్లో రోజూ తిరుగుతూనే ఉంటారు. కానీ సైకిలు ఎక్కడ నడపాలన్న ప్రశ్నకి ఆ ఒక్క ఊరే పది పదకొండేళ్ళలో మూడు వేర్వేరు జవాబులు ఇచ్చిందని చాలామందికి తెలీదు.

1970ల మొదట్లో అమెరికాకి సైకిలు పిచ్చి పట్టింది. 1973లో ఆ దేశంలో సుమారు కోటీ యాభై లక్షల సైకిళ్ళు అమ్ముడుపోయాయి. అన్ని సైకిళ్ళు రోడ్డెక్కేసరికి ఊళ్ళకి కంగారు పుట్టింది. పాలో ఆల్టో ఏం చేసిందంటే, రద్దీగా ఉండే కొన్ని వీధుల పక్కనున్న ఫుట్‌పాత్‌లకే 'సైకిలు దారి' అని పేరు పెట్టేసి, సైకిళ్ళు ఆ దారినే పోవాలని నిబంధన పెట్టింది. కొత్త దారి వెయ్యక్కర్లేదు, ఖర్చు లేదు, కార్లకి అడ్డం లేదు. బోర్డు పాతితే పనైపోయింది. ఇదీ మొదటి జవాబు.

ఆ ఊళ్ళో జాన్ ఫారెస్టర్ అనే ఇండస్ట్రియల్ ఇంజనీరు ఉండేవాడు. హార్న్‌బ్లోయర్ నవలలు రాసిన సి.ఎస్. ఫారెస్టర్ కొడుకు. ఈయన బోర్డుని లెక్కచెయ్యకుండా రోడ్డు మీదే సైకిలు నడిపాడు. పోలీసులు టికెట్టు చేతిలో పెట్టారు. డబ్బు కట్టేసి ఊరుకునే రకం కాదు కాబట్టి పోరాటానికి దిగాడు. చివరికి ఆ నిబంధన రద్దయింది.

ఆయన వాదనలో పస ఉంది. అదేంటో కాస్త వివరంగా చూద్దాం, ఎందుకంటే మనం మామూలుగా అనుకునేదానికి ఇది పూర్తిగా ఎదురు. ఫుట్‌పాత్ మీద ఉన్నంతసేపూ కార్లకి దూరంగా ఉన్నామనే అనిపిస్తుంది. నిజమే, రెండు కూడళ్ళ మధ్య దూరంగానే ఉంటాం. కానీ ప్రతి ఇంటి డ్రైవ్‌వే దగ్గరా, ప్రతి మలుపు దగ్గరా ఆ రెండు దారులూ కలుస్తాయి. రెండు మాడ్యూళ్ళు విడివిడిగా టెస్టు చేస్తే అన్నీ పాస్ అవుతాయి, కలిపినచోట బగ్గు బయటపడుతుంది, చూడండి, అచ్చం అలాగే.

అక్కడ ఏం జరుగుతుందో లెక్క వేద్దాం. గంటకి 5 కిలోమీటర్ల వేగంతో నడిచే మనిషి సెకనుకి మీటరున్నర కూడా కదలడు. 20 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు సెకనుకి ఐదున్నర మీటర్లు పోతుంది. డ్రైవ్‌వేలోంచి కారు తీసేవాడు ఫుట్‌పాత్ మీదకి ఓ చూపు విసిరి, ఎవరూ లేరని రెండు సెకన్లలో బయటికొస్తాడు. ఆ రెండు సెకన్లలో నడిచే మనిషి ఎక్కడివాడక్కడే ఉంటాడు. సైకిలువాడు పదకొండు మీటర్లు దాటి బానెట్టు ముందుంటాడు. మధ్యలో కంచెలూ, చెట్లూ, ఆపిన కార్లూ ఉంటే ఆ ఒక్క చూపు కూడా ఆనదు. ఇక ఎదురు దిశలో వచ్చే సైకిలు సంగతి చెప్పనే అక్కర్లేదు. అమెరికాలో కుడివైపుకి తిరిగేవాడు ఎడమ నుంచి వచ్చే కార్ల కోసమే చూస్తాడు. కుడివైపు నుంచి ఫుట్‌పాత్ మీద సైకిలొస్తుందని వాడికి ఊహకి కూడా తట్టదు.

దీన్ని ఎవరైనా కొలిచారా అంటే, కొలిచారు. అదీ పాలో ఆల్టోలోనే. వాక్టెల్, లూయిస్టన్ అనే ఇద్దరు 1985 నుంచి 1989 వరకు ఆ ఊళ్ళో జరిగిన ప్రమాదాల రికార్డులు తీసి, 1994లో లెక్కలు ప్రచురించారు. రోడ్డు మీద పోయేవాళ్ళతో పోలిస్తే ఫుట్‌పాత్ మీదా, పక్కనున్న సైకిలు దారి మీదా పోయేవాళ్ళకి ముప్పు సగటున 1.8 రెట్లు ఉందని తేలింది. ట్రాఫిక్కుకి ఎదురు దిశలో పోయేవాళ్ళకి 3.6 రెట్లు. ఇది కూడళ్ళ దగ్గర మోటారు బళ్ళతో జరిగిన గుద్దుళ్ళ లెక్క మాత్రమే అని గుర్తుంచుకోవాలి. దారి మధ్యలో వెనక నుంచి కారు గుద్దడం ఇందులోకి రాదు. అయినా ఫుట్‌పాత్ ఎక్కితే చాలు క్షేమం అన్న నమ్మకానికి ఈ లెక్క గట్టి దెబ్బే.

పాలో ఆల్టో ఒక ఊళ్ళో చేసిన పనిని జపాన్ దేశం మొత్తం మీద చేసింది. 1970లో జపాన్‌లో రోడ్డు ప్రమాదాల్లో 16,765 మంది పోయారు. ఆ భయంతో అదే ఏడాది చట్టం మార్చి, గుర్తించినచోట్ల సైకిళ్ళని ఫుట్‌పాత్ ఎక్కనిచ్చారు. ఏదో అప్పటి అవసరానికి చేసిన ఏర్పాటు. కోడులో 'టెంపరరీ ఫిక్స్' అని కామెంటు రాసి వదిలేసిన ముక్క ఏమవుతుందో మనకి తెలియంది కాదు. జనానికి అలవాటైపోయింది. నడిచే ముసలివాళ్ళకి కష్టం మొదలయ్యింది. 2011లో జాతీయ పోలీసు సంస్థ, సైకిలంటే బండి అనీ, దాని చోటు రోడ్డనీ మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. 13 ఏళ్ళలోపు పిల్లలకీ, 70 దాటినవాళ్ళకీ, వైకల్యం ఉన్నవాళ్ళకీ మాత్రం ఫుట్‌పాత్ మీద మినహాయింపు ఉంది. 2024లో చట్టం సవరించి, 16 ఏళ్ళు నిండిన సైకిలువాళ్ళకి అక్కడికక్కడే జరిమానా కాగితం ఇచ్చే పద్ధతి తెచ్చారు. దాని అమలుకి పెట్టిన తేదీ 2026 ఏప్రిల్ 1. అప్పటికి నలభై ఏళ్ళ అలవాటుని వెనక్కి తిప్పడం మొదలుపెట్టి పదిహేనేళ్ళయినట్టు.

సరే, ఫారెస్టర్ దగ్గరికి వద్దాం. టికెట్టుతో మొదలైన పోరాటం ఒక సిద్ధాంతంగా మారింది. 1976లో 'ఎఫెక్టివ్ సైక్లింగ్' అనే పుస్తకం వేశాడు. సారాంశం ఏమిటంటే, సైకిలు నడిపేవాడు తనని తాను డ్రైవరు అనుకోవాలి. లేను మధ్యలోకి రావాలంటే రావాలి, సిగ్నల్ ఇవ్వాలి, కార్లతో సమానంగా మలుపు తిరగాలి. ఇదీ రెండో జవాబు. ఫుట్‌పాత్ విషయంలో ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కానీ అక్కడితో ఆగలేదు. సైకిళ్ళకి విడిగా లేను గీసినా, ట్రాకు కట్టినా, అది సైకిలువాణ్ణి రోడ్డు మీంచి తరిమే ఎత్తు అనే వాదించాడు. 2020లో పోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు.

నాకు పేచీ ఇక్కడే. ఆయన డిజైన్ చేసింది పవర్ యూజర్ కోసం. ఒంట్లో సత్తువ ఉండి, గంటకి పాతిక కిలోమీటర్లు తొక్కుతూ, వెనక హారన్ కొడుతున్నా బెదరని మనిషి కోసం. బడికెళ్ళే ఎనిమిదేళ్ళ పిల్లని లేను మధ్యలో నడపమంటామా? అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చి, కారు నడపడం రాక, కూరగాయలకి సైకిలు మీద వెళ్ళే మన అమ్మానాన్నల సంగతేంటి? వాళ్ళకి క్లాసు పెట్టి ధైర్యం నేర్పిస్తే సరిపోతుందా?

అదే రోజుల్లో నెదర్లాండ్స్‌లో ఈ ప్రశ్నని వేరే కొస నుంచి పట్టుకున్నారు. 1971లో అక్కడ రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోతే, వాళ్ళలో నాలుగొందల మందికి పైగా పిల్లలే. కూతుర్ని పోగొట్టుకున్న ఓ విలేకరి 1972లో రాసిన వ్యాసం నుంచి 'పిల్లల్ని చంపడం ఆపండి' అనే ఉద్యమం పుట్టింది. పిల్లలు డ్రైవర్లలా మారాలని వాళ్ళు అడగలేదు. వీధి మారాలని అడిగారు.

పాలో ఆల్టో మూడో జవాబు ఆ దారిలోనిదే. ఎలెన్ ఫ్లెచర్ అనే ఆవిడ 1928లో బెర్లిన్‌లో పుట్టింది. యూదు పిల్లల్ని నాజీల బారి నుంచి తప్పించి ఇంగ్లండ్ చేర్చిన 'కిండర్‌ట్రాన్స్‌పోర్ట్'లో బయటపడి, తర్వాత అమెరికా వచ్చింది. ఎక్కడికెళ్ళినా సైకిలే. 1977లో పాలో ఆల్టో కౌన్సిల్‌కి ఎన్నికై, 1989 దాకా ఉంది. ఆవిడ చొరవతో 1982లో బ్రయంట్ స్ట్రీట్‌ని 'సైకిలు బులెవార్డు' చేశారు. అమెరికాలో అలాంటిది అదే మొదటిది. పని చూస్తే చాలా చిన్నది. ఇళ్ళ మధ్యగా పోయే మామూలు వీధి అది. కొన్నిచోట్ల అడ్డాలు పెట్టి, సైకిళ్ళు దూరేంత సందు మాత్రం వదిలారు. అక్కడ ఇల్లున్నవాళ్ళ కార్లు వస్తాయి, ఊరి ఆ చివర నుంచి ఈ చివరకి దూసుకుపోయే కార్లు రావు. సైకిలు రోడ్డు మీదే పోతుంది, కానీ ఆ రోడ్డుకి భయపడాల్సిన పని లేదు. ఇప్పుడా వీధికి ఆవిడ పేరే పెట్టారు.

మూడు జవాబులూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది సైకిలుని జరిపింది, రోడ్డుని ముట్టుకోలేదు. రెండోది మనిషిని మార్చబోయింది, రోడ్డుని ముట్టుకోలేదు. మూడోదే రోడ్డు మీద చెయ్యి వేసింది. "ఫుట్‌పాతా, రోడ్డా" అని సైకిలువాడూ నడిచేవాడూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నంతసేపూ వాళ్ళిద్దర్నీ ఆ మూల మీటరు వెడల్పుకి నెట్టిందెవరన్న ప్రశ్న రాదు. నన్నడిగితే ఈ తగువు రెండొందల ఏళ్ళు సాగడానికి సగం కారణం అదే.

మన హైదరాబాదులో 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సోలార్ పైకప్పుతో, 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు మొదలయ్యింది. మంచి పనే, కాదనను. కానీ ఇంటి గుమ్మం నుంచి ఆ ట్రాకు దాకా, ట్రాకు నుంచి ఆఫీసు గేటు దాకా ఎలా వెళ్ళాలి? మన ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరూ, టిఫిన్ బండీ, నిలబెట్టిన బైకులూ పోగా మనిషి నడవడానికే చోటుండదు, ఇక సైకిలుకి ఎక్కడిది? ఇక్కడ కూడా బగ్గు రెండు దారులు కలిసేచోటే ఉంది.

ఇవాళ్టికి ఏం చెయ్యాలి అంటారా? ఒంట్లో ఓపికుండి, ట్రాఫిక్కు అలవాటైతే రోడ్డు మీదే, అందరూ పోయే దిశలోనే పోండి. రోడ్డు భయపెడితే, మీ ఊరి చట్టం ఒప్పుకునేచోట ఫుట్‌పాత్ ఎక్కండి, కానీ నడిచేవాడి వేగంతోనే పోండి. ప్రతి డ్రైవ్‌వే దగ్గరా కారువాడు మిమ్మల్ని చూడలేదనే అనుకోండి. ముసలివాళ్ళు ఎదురైతే దిగి నడిపించుకెళ్ళండి, కొంపలేం మునిగిపోవు. వీలైతే మీ కాలనీ మీటింగులోనో, మీ సిటీ కౌన్సిల్‌లోనో ఒక్క వీధి పేరు చెప్పి, దీన్ని బ్రయంట్ స్ట్రీట్‌లా చెయ్యడానికి ఎన్ని అడ్డాలు కావాలి అని అడగండి. మీ చుట్టుపక్కల అలాంటి వీధి ఏదన్నా తోస్తోందా?